ముప్పై ఎనిమిదో 'అత్యవసరం'

ముందుగా ఒక విషయం ఒప్పేసుకుంటాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను కోడ్‌లో చేసిన ఒక మార్పు వల్ల మూడు ఊళ్ళ లైబ్రరీల్లో పుస్తకాలిచ్చే సిస్టం ఒక పూటంతా పడుకుంది. ఆ మార్పు గురించి రిలీజ్ నోట్‌లో నేను రాసిన వాక్యం ఇది: "కొన్ని చిన్నచిన్న మెరుగులు." మెరుగులట, నా మొహం. ఆ నోట్ ఎవరూ చదవలేదు, నన్నెవరూ పట్టుకోలేదు, పైగా ఆర్నెల్లకి ప్రమోషన్ ఇచ్చారు. కాబట్టి ఈ కథలో తప్పు చేసినవాళ్ళ మీద నేను కాస్త మెత్తగా ఉంటే ఏమీ అనుకోకండి.

గురువారం ఉదయం పది గంటలు. తూనికలు కొలతల శాఖ భవనం, నాలుగో అంతస్తు. 'పాత రాళ్ళు' అని బోర్డున్న గది తలుపు లోపలి నుంచి మూసుకుంది. ఆ గదిలో పాత రాళ్ళు ఎప్పుడూ లేవు. దేశంలోకెల్లా చిన్న గూఢచారి విభాగం మాత్రం పదిహేడేళ్ళుగా అక్కడే ఉంది.

బల్లకి ఒక పక్క చీఫ్. ఇంకో పక్క పిన్ని.

పిన్ని అనేది వరస కాదు, కోడ్ నేమ్. నలభై రెండేళ్ళు, గుండ్రటి మొహం, భుజాన గుడ్డ సంచి. ఎక్కడికెళ్ళినా జనం ఆమెకి కుర్చీ చూపించి, అడగకుండానే ఇంట్లో గొడవలన్నీ చెప్పేస్తారు. విభాగంలో ఇంతకన్నా ప్రమాదకరమైన ఆయుధం లేదు. ఆమెకన్నా పదిహేనేళ్ళు పెద్దయిన చీఫ్ కూడా పిన్నీ అనే పిలుస్తాడు.

"గొళ్ళెం తెలుసా, పిన్నీ?"

"తలుపుకుండేదా, కంప్యూటర్లో ఉండేదా?"

"కంప్యూటర్లోది."

"విన్నాను. ఓపెన్ సోర్స్. ఊరికే ఇస్తారు, కోడ్ ఎవరైనా చదువుకోవచ్చు."

"ఒక మెషీన్‌కి అప్‌డేట్ వస్తే, అది అసలు కంపెనీ సంతకంతో వచ్చిందా, దొంగదా అని చూసి లోపలికి రానిచ్చేది గొళ్ళెం. ఆరు వందల ఆసుపత్రుల్లో నరంలోకి మందు ఎక్కించే పంపులకి అదే కాపలా." చీఫ్ ఒక కాగితం జరిపాడు. "దాన్లో కన్నం పడింది. సంతకం జాగాలో ఏమీ లేకపోయినా లోపలికి పంపేస్తోంది. మిడతకి ఈ సంగతి తెలుసు."

మిడత అంటే విదేశీ ముఠా. ఫైళ్ళలో వాళ్ళ పేరది.

"వాళ్ళ మనిషి ఒకడు నిన్న దొరికాడు. గురువారం నాలుగు గంటలు అన్నాడు. ఆ తర్వాత నోరు విప్పలేదు. పంపులన్నీ వారానికోసారి, గురువారం సాయంత్రం నాలుగింటికి అప్‌డేట్ ఉందేమో చూస్తాయి. ఈ రోజు దొంగ అప్‌డేట్ దొరుకుతుంది. పంపు పది రెట్ల వేగంతో మందు తోస్తుంది. ఆరు వందల ఆసుపత్రులు ఒకేసారి గగ్గోలు పెడుతుంటే సరిహద్దులో మిడతకి వేరే పనుంది."

"మందు లేదా దీనికి?"

"ఉంది. అదే నా తలనొప్పి. కన్నం పూడ్చిన కొత్త గొళ్ళెం, 4.3, మూడు వారాల కిందే వచ్చేసింది. ప్రకటన కూడా పంపారు. ఎన్ని ఆసుపత్రులు వేసుకున్నాయో చెప్పు."

"సగం?"

"తొమ్మిది."

పిన్ని కాగితం వైపు చూసింది. జాబితాలో నలభై రెండో పేరు దగ్గర ఆమె కన్ను ఆగింది. అది వాళ్ళ అక్క పనిచేసే పిల్లల ఆసుపత్రి. అక్కడ మెషీన్లన్నీ చూసుకునే టెక్నీషియన్ అక్కే.

"ఫోన్ చేసి చెప్పెయ్యొచ్చుగా?"

"పొద్దున్నుంచీ చేస్తున్నాం. ఒక్కళ్ళూ నమ్మట్లేదు. పోయిన నెల ఎవరో మన పేరు చెప్పి నూట ముప్పై ఆసుపత్రులకి దొంగ ఫోన్లు చేశారు. అదీ మిడత పనే. సర్క్యులర్ పంపాలంటే పది సంతకాలు కావాలి, సోమవారం అవుతుంది. వాళ్ళు నమ్మేది ఒక్కటే, గొళ్ళెం చేసేవాళ్ళ సంతకంతో వచ్చిన ప్రకటన. అది ఎందుకు చేరట్లేదో, మధ్యలో ఎవరు మింగేస్తున్నారో నాలుగింటిలోపు తేల్చాలి."

"అక్కడ ఎవరున్నారు?"

"ముగ్గురు. అంతే. ఇన్ని ఆసుపత్రులు ముగ్గురు వాలంటీర్ల మీద నడుస్తున్నాయి, దండం పెట్టాలి. అందులో ఒకామె మన మనిషే. ఏడాదిగా లోపలి కబుర్లు మనకి పంపుతోంది. నువ్వు వాలంటీరుగా వెళ్తున్నావు. మూడు వారాలుగా నీ తరఫున మన ఆఫీసు వాళ్ళ డాక్యుమెంటేషన్‌లో స్పెల్లింగ్ తప్పులు దిద్దుతోంది."

"ఎన్ని దిద్దాను?"

"నూట పన్నెండు. నువ్వంటే వాళ్ళకి చచ్చేంత గౌరవం."

చీఫ్ సొరుగు లోంచి స్టీలు ఫ్లాస్క్ ఒకటి తీశాడు. మూత తిప్పితే ముప్పై అడుగుల్లో ఏ ఫోనూ పనిచెయ్యదు. కొత్త సరుకు. పిన్ని దాన్ని ఊపి చూసి, "దీన్లో టీ పడుతుందా?" అంది. పట్టదన్నాడు. ఆమె మారు మాట్లాడకుండా సంచిలో వేసుకుంది.

కళ్ళద్దాల షాపు పైన ఒకే ఒక గది. రెండు బల్లలు, నాలుగు కుర్చీలు, మూల ఫ్యాను కింద గుర్రుమంటున్న సర్వర్. గొళ్ళెం ప్రపంచ కార్యాలయం అంతే. ప్రతి గురువారం ముగ్గురూ ఇక్కడ కూర్చుంటారు. పిన్ని వెళ్ళేసరికి పన్నెండైంది.

మాస్టారు లేచి నిలబడ్డారు. రిటైరైన లెక్కల మాస్టారు, గొళ్ళెం మొదటి లైను రాసింది ఆయనే. "రండమ్మా, రండి. 'ప్రమాణీకరణ'లో దీర్ఘం మీరు పట్టుకునేదాకా ఆరేళ్ళు ఎవరికీ కనపడలేదు."

"అయ్యో, అదెంత పని," అంది పిన్ని. ప్రమాణీకరణ అనే మాట ఆమె ఆ రోజే వింటోంది.

రెండో కుర్చీలో ఉన్నవాడిని అందరూ నిద్రమొహం అంటారు. రిలీజులు తయారుచేసేది, సర్వర్ చూసేది అతనే. అతను తల కూడా ఎత్తలేదు. స్క్రీన్ మీద మెయిళ్ళు వరసగా వస్తున్నాయి. ఒక్కొక్కదాన్నీ చూసి, తీసేస్తున్నాడు. చూసి, తీసేస్తున్నాడు.

పిన్ని ఆ వేలి వైపే చూస్తూ కూర్చుంది.

మూడో మనిషి అరగంట ఆలస్యంగా వచ్చింది. ముత్యపు రంగు కోటు, మెడలో సన్నటి గొలుసు, గది మొత్తానికి సరిపడా పరిమళం. ఇంటర్నెట్‌లో పదివేల మంది ఆమెని హీరోయిన్ అంటారు. గొళ్ళెం వాడేవాళ్ళందరితో మాట్లాడే పని ఆమెది. ఈ గదిలో ఆమె కూర్చుంటే కుర్చీకే కొత్త పెయింటు వేసినట్టుంటుంది.

ఆమె పిన్ని పక్కకొచ్చి, కిటికీ వైపు చూస్తూ అంది. "వర్షం వచ్చేలా ఉంది కదండీ."

పిన్ని సంచి సర్దుకుంది. "గొడుగు సర్వర్ దగ్గరే పెట్టాను."

కోడ్ కలిసింది. హీరోయిన్ కాఫీ తెస్తానంటూ మెట్ల దగ్గరికి నడిచింది. పిన్ని వెనకాలే వెళ్ళింది.

"వాడే," అంది హీరోయిన్ మెట్ల మీద, గొంతు తగ్గించి. "నిద్రమొహం. ఏడాదిగా చూస్తున్నాను. జనం పంపే మెయిళ్ళు తీసేస్తాడు. ఎందుకురా అంటే చెత్త అంటాడు. ఎవరితో మాట్లాడడు, ఏమీ పంచుకోడు. మీరు వాడి మీద కన్నెయ్యండి పిన్నిగారూ, మాస్టారి సంగతి నేను చూసుకుంటాను."

"నీ రిపోర్టుల్లో ఎప్పుడూ రాయలేదే?"

"అనుమానంతో ఒకళ్ళ జీవితం పాడుచెయ్యడం ఎందుకని." ఆమె నవ్వింది. చాలా అందమైన నవ్వు. పిన్నికి అందమైన నవ్వులు చూస్తే, బస్సులో పక్కవాడు అవసరానికి మించి జరిగి కూర్చున్నట్టు ఉంటుంది.

పిన్ని రెండు గంటల పాటు నిద్రమొహం వెనక కూర్చుని స్పెల్లింగ్ తప్పులు దిద్దుతున్నట్టు నటించింది. అతను తీసేసిన మెయిళ్ళన్నీ లెక్కపెట్టింది. డెబ్భై ఒకటి. అందులో అరవై తొమ్మిది లాటరీలు. ఒకటి బట్టతల నూనె. ఇంకోటి కూడా బట్టతల నూనే.

అతను తీసినవన్నీ నిజంగా చెత్తే. మరి ప్రకటన ఎక్కడ చచ్చింది?

రెండు నలభై. పిన్ని కిందికి దిగి, కళ్ళద్దాల షాపు పక్క సందులో నిలబడి అక్కకి ఫోన్ చేసింది. డ్యూటీలో ఇంటివాళ్ళకి ఫోన్ చెయ్యడం రూలుకి విరుద్ధం. కానీ ప్రకటన చేరాల్సిన చోట ఉన్నవాళ్ళలో ఆమెకి తెలిసింది అక్క ఒక్కతే.

"ఏంటే ఈ వేళప్పుడు? నాలుగింటికి రౌండ్స్ ఉన్నాయి, త్వరగా చెప్పు," అంది అక్క.

"అక్కా, మీ పంపుల్లో గొళ్ళెం ఉంటుంది కదా. దాని గురించి మూడు వారాల కింద ఏదైనా మెయిల్ వచ్చిందా?"

"నీకెందుకు?"

"మా శాఖలో అడుగుతున్నారు."

"తూనికల శాఖకి గొళ్ళెంతో ఏం పని? బరువు తూస్తారా?" అక్క నిట్టూర్చింది. "వచ్చే ఉంటుందిలే. రోజూ ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. అవన్నీ 'తర్వాత చూద్దాం' అనే ఫోల్డర్లోకి పోయేలా ఫిల్టర్ పెట్టేశాను. ఆర్నెల్లయింది దాని మొహం చూసి."

"ఎందుకు పెట్టావు?"

"ఎందుకా? 'అత్యవసరం' అని వస్తే పిల్లాడి పంపు సరిచేస్తున్నదాన్ని వదిలేసి పరిగెత్తుకొచ్చి తెరిచాను. లోగో రంగు మార్చారట. వారం తిరక్కుండా మళ్ళీ 'అత్యవసరం'. స్టిక్కర్ల పోటీ. ఇంకోసారి 'అత్యవసరం, తక్షణం చదవండి'. ఏంటా అని చూస్తే గొళ్ళెం పుట్టినరోజు, మీ జ్ఞాపకాలు రాయండి అట. నా జ్ఞాపకాలు చెప్తే వాళ్ళు తట్టుకోలేరు. ఇక్కడ టెక్నీషియన్లందరం అదే ఫిల్టర్ పెట్టుకున్నాం. నేనే అందరికీ నేర్పాను."

పిన్ని వాచీ చూసుకుంది.

"అక్కా, ఒక్కటి విను. నాలుగింటిలోపు పంపుల అప్‌డేట్ ఆపెయ్. నేను చెప్తున్నాను."

"నువ్వు చెప్తే ఆపడానికి అది ఇంట్లో మిక్సీ కాదే. పోయిన నెలలో ఎవడో ఇలాగే ఫోన్ చేసి ఆపమన్నాడు, దొంగవాడని తేలింది. సంతకం ఉన్న ప్రకటన లేకుండా మెషీన్ మీద చెయ్యి వెయ్యను. అది ఆపాలంటే పంపుల సర్వర్ రీస్టార్ట్ చెయ్యాలి, అంతసేపూ పంపులు ఆగుతాయి, తెలుసా? నా వార్డులో పదకొండు మంది పిల్లలున్నారు."

"తెలుసు," అంది పిన్ని.

అక్క మీద కోపం రాలేదు. అక్క చేసింది నూటికి నూరుపాళ్ళు సరైన పని. అదే భయంగా ఉంది.

మెట్లెక్కుతూనే ఫోన్లో పాత ప్రకటనలు తెరిచింది. ఏడాదిలో నలభై ఒక్క మెయిళ్ళు. అన్నిటి తలమీదా 'అత్యవసరం'. అన్నిటి కిందా 'ప్రేమతో, కమ్యూనిటీ బృందం'. ముప్పై ఎనిమిదోది కన్నం గురించి. దాని ముందు స్టిక్కర్ల పోటీ ఫలితాలు, వెనక సర్వే. తెరిచి చూస్తే మొదటి రెండు పేరాలు కొత్త వెబ్‌సైట్ అందం గురించి. కన్నం సంగతి పదిహేడో పాయింటులో ఉంది.

ఎవరూ ప్రకటనని మింగలేదు. నలభై పండుగ కబుర్ల కింద పడుకోబెట్టి దుప్పటి కప్పారు.

గదిలో మాస్టారు ఒక్కరే అన్నం తింటున్నారు. నిద్రమొహం సర్వర్ వెనక దుమ్ము తుడుస్తున్నాడు.

"మాస్టారూ, ఆ 4.3 ప్రకటన మీరు రాసిందేనా?"

ఆయన ముద్ద ఆపేశారు. "నేను నాలుగు లైన్లు రాశానమ్మా. 'ప్రమాదం, వెంటనే మార్చండి' అని. ఆ అమ్మాయి చూసి, మరీ బెదిరించినట్టుంది సార్, జనం మనల్ని వదిలి పారిపోతారు అంది. నిజమే అనిపించింది. నా గొంతు కాస్త పెద్దదని క్లాసులో కూడా అనేవాళ్ళు. మార్చుకోమన్నాను." కంచం వైపు చూశారు. "అంత చెడ్డగా ఉందా?"

"కమ్యూనిటీ బృందంలో ఎంతమందున్నారు?"

"ఆ అమ్మాయే."

"మరి ఆ అమ్మాయి ఎక్కడ?"

"ఇక్కడే," అంది హీరోయిన్ గుమ్మంలోంచి. వెనక చేత్తో గడియ వేసింది. ముందు చేతిలో లిప్‌స్టిక్ కన్నా కొంచెం పెద్ద పిస్టల్ ఉంది. టైము మూడూ అయిదు.

నిద్రమొహం దుమ్ము గుడ్డతో సహా ఆగిపోయాడు.

"కూర్చోండి అందరూ. యాభై అయిదు నిమిషాలే," అంది ఆమె. "మాస్టారూ, మీరు తినండి, చల్లారిపోతుంది."

"మాకూ, మిడతకీ, రెండు చోట్ల పనిచేస్తున్నావన్నమాట," అంది పిన్ని.

"మూడు చోట్ల. ఇక్కడ వాలంటీరుగా కూడా. ఇక్కడి పనే ఎక్కువ." హీరోయిన్ బల్ల అంచున కూర్చుంది. "ఒక్క మాట చెప్పనా పిన్నిగారూ? నేను ఒక్క అబద్ధం కూడా రాయలేదు. లోగో నిజంగానే మారింది. స్టిక్కర్లు నిజంగానే పంచాం. మాస్టారి ప్రకటన కూడా నేనే పంపాను, సమయానికి. కాస్త ఎక్కువగా మాట్లాడాను, అంతే. దానికి ఏ కోర్టులో ఏ సెక్షను ఉంది?"

"పిస్టల్‌కుందిగా."

"అది చివరి గంటకే." ఆమె పిన్ని సంచి వైపు తల ఊపింది. "ఫ్లాస్క్ జోలికి వెళ్ళకండి. మూత తిప్పితే ఫోన్లు పోతాయని నాకూ తెలుసు. ఆ బొమ్మ గురించి చీఫ్ నాకు పోయిన నెలలోనే చెప్పాడు."

"ఇదా?" పిన్ని నెమ్మదిగా ఫ్లాస్క్ బయటికి తీసింది. "దాన్లో టీ పట్టదన్నాడమ్మా. అందుకని దార్లో దాన్ని ఇంట్లో వదిలేసి మా ఇంటిది తెచ్చుకున్నాను."

హీరోయిన్ ముఖంలో ఆ వాక్యం అర్థమవడానికి ఒక క్షణం పట్టింది. టీ అంతకన్నా ముందే చేరింది. పిస్టల్ బల్ల కిందికి దొర్లింది. గుడ్డ సంచి ఆమె తల మీదికి దిగింది. నిద్రమొహం, ఆ రోజు మొదటిసారి వేగంగా కదిలి, ఆమె చేతుల్ని నెట్‌వర్క్ కేబుల్‌తో కుర్చీకి కట్టేశాడు.

"కొత్త కోటు," అంది సంచిలోంచి ఆమె గొంతు, బాధగా.

మూడూ పదిహేను.

"ఇప్పుడు ఎలా పంపుతాం?" మాస్టారు కంచం పక్కకి జరిపారు. "నలభై రెండో అత్యవసరం పంపినా అదే ఫోల్డర్లోకి పోతుందిగా."

సర్వర్ గుర్రుమంది. అప్పుడు నిద్రమొహం గొంతు సవరించుకున్నాడు. పిన్ని అతని గొంతు వినడం అదే మొదలు.

"తాళంచెవుల లిస్టు ఉంది."

"అదేంటి?"

"ఇంకో మెయిలింగ్ లిస్టు. మా సంతకం తాళంచెవి మారితే చెప్పడానికి పెట్టాం. ఆసుపత్రులన్నీ అందులో ఉండాలి, మా షరతు అది. పదకొండేళ్ళలో రెండే మెయిళ్ళు వెళ్ళాయి. ఎప్పుడూ ఏమీ రాదు కాబట్టి ఎవరూ ఫిల్టర్ పెట్టుకోలేదు. దాన్లో మెయిల్ వెళ్ళాలంటే ఇద్దరి సంతకం కావాలి. మాస్టారిదీ, నాదీ. ఒకరు గట్టిగా చదవాలి, రెండోవారు వినాలి. అప్పుడే."

"నాకెందుకు చెప్పలేదు?" అంది సంచి.

"నువ్వు అడగలేదు. అది చచ్చిపోయిన లిస్టు అన్నావు," అన్నాడు నిద్రమొహం.

మాస్టారు తల అడ్డంగా ఊపారు. "అది తాళంచెవులకి మాత్రమేరా. ఇంకే మాటా వెళ్ళకూడదని రూలు. నేనే రాశాను."

"మాస్టారూ," అంది పిన్ని. "మా అక్క వార్డులో పదకొండు మంది పిల్లలున్నారు. నా మాట వినదు, ప్రభుత్వం మాట వినదు. మీ సంతకం ఉంటే వింటుంది. మీ ఒక్కరిదే."

మాస్టారు కళ్ళజోడు తాడుకి వేలాడుతున్న చిన్న తాళంచెవిని, సంతకం దాచిన పెన్‌డ్రైవ్‌ని, కాసేపు వేళ్ళతో తిప్పారు. తర్వాత తీసి బల్ల మీద పెట్టారు. నిద్రమొహం తన క్యారియర్ అడుగు గిన్నెలోంచి రెండోది తీశాడు.

మాస్టారు రాయడం మొదలుపెట్టారు. 'గొళ్ళెం వాడుతున్న మిత్రులందరికీ నమస్కారం. పదహారేళ్ళ కిందట...'

"వద్దు," అంది పిన్ని.

"నమస్కారం కూడా వద్దా?"

"చివర్లో పెట్టండి. మొదటి లైన్లో ఏం చెయ్యాలో. రెండో లైన్లో ఎవరు చెయ్యాలో. మూడో లైన్లో ఎందుకో. చదివేవాళ్ళ చేతిలో సిరంజి ఉంటుంది."

"రూలు రాసిందీ నేనే, తప్పుతున్నదీ నేనే, క్షమించమని ఒక ముక్క..."

"అది రేపు వెబ్‌సైట్లో పెట్టండి." పిన్ని కీబోర్డు తన వైపు లాక్కుంది. "సర్వర్ రీస్టార్ట్ చెయ్యలేనివాళ్ళు ఏం చెయ్యాలి?"

"పంపు వెనక నెట్‌వర్క్ కేబుల్ పీకేస్తే చాలు. పంపు ఆగదు. బయటి మాట మాత్రం వినదు," అన్నాడు నిద్రమొహం.

"అది రెండో వాక్యం."

నిద్రమొహం గట్టిగా చదివాడు. "ఈ రోజు సాయంత్రం నాలుగు గంటలలోపు గొళ్ళెం 4.3 వేసుకోండి. కుదరకపోతే ప్రతి పంపు వెనక నెట్‌వర్క్ కేబుల్ తీసెయ్యండి, పంపు ఆగదు. మందు పంపులున్న ఆసుపత్రులన్నీ చెయ్యాలి. పాత గొళ్ళెం దొంగ అప్‌డేట్‌ని ఆపదు, నాలుగింటికి ఒకటి రాబోతోంది. ఇది నిజమో కాదో కింది సంతకంతో సరిచూసుకోండి."

మాస్టారు కళ్ళు మూసుకుని విన్నారు. "పంపించు."

మూడూ నలభై ఒకటి.

స్క్రీన్ మూల డౌన్‌లోడ్ల లెక్క ఉంది. తొమ్మిది. మూడూ నలభై అయిదుకి పదకొండు. మూడూ నలభై ఏడుకీ పదకొండే. సంచిలోంచి చిన్నగా నవ్వు వినిపించింది. మూడూ నలభై తొమ్మిదికి నూట నాలుగు. ఆ తర్వాత అంకెలు చదవడానికి అందలేదు.

మూడూ యాభై ఆరు. పిన్ని ఫోన్ మోగింది.

"ఏమే, నువ్వు ఇందాక... కాదులే, తర్వాత మాట్లాడతా," అక్క రొప్పుతోంది. "తాళంచెవుల లిస్టు నుంచి మెయిలొచ్చింది. పదకొండేళ్ళలో నోరు విప్పనివాళ్ళు విప్పారు. సంతకం చూశాను, సరిపోయింది. రీస్టార్ట్‌కి టైము లేదు, కేబుళ్ళు పీకేస్తున్నా." ఫోన్ కట్ చెయ్యడం మర్చిపోయి జేబులో వేసుకుంది.

పిన్ని స్పీకర్ నొక్కింది. గది మొత్తం ఆ జేబులోంచి వింది. చెప్పుల చప్పుడు. ఎవరో పిల్లాడు ఏంటాంటీ అంటే, ఏం లేదు నాన్నా, అంటున్న అక్క గొంతు. అయిదు. ఆరు. ఒక మంచం జరిగిన శబ్దం. ఏడు, ఎనిమిది. తొమ్మిదోది బిగుసుకుంది, అక్క ఒక బూతు మాటని సగంలో మింగేసింది. తొమ్మిది. పది.

గోడ గడియారంలో పెద్ద ముల్లు నిలువుగా ఎక్కింది. మాస్టారు పిన్ని చెయ్యి పట్టుకున్నారు.

"పదకొండు," అంది జేబు.

నాలుగైంది. సర్వర్ స్క్రీన్ మీద ఒక్కో ఆసుపత్రి పంపే జవాబులు వరసగా పడ్డాయి. సంతకం లేదు, తిరస్కరించాం. సంతకం లేదు, తిరస్కరించాం. అయిదు వందల ఎనభై ఆరు సార్లు. మిగిలిన పద్నాలుగు ఆసుపత్రుల నుంచి ఏమీ రాలేదు. చీఫ్ మనుషులు పరిగెత్తుకెళ్ళి చూస్తే, అక్కడ కేబుళ్ళు నేల మీద పడున్నాయి. పంపులు ప్రశాంతంగా తమ పని తాము చేసుకుంటున్నాయి.

అయిదింటికి చీఫ్ స్వయంగా వచ్చి హీరోయిన్‌ని తీసుకెళ్ళాడు. ఆమె మెట్లు దిగుతూ, "ఆ స్టిక్కర్లు మాత్రం బాగున్నాయి, ఒప్పుకోండి," అంది. నిద్రమొహం ఒప్పుకున్నాడు.

మాస్టారు చాలాసేపు స్క్రీన్ చూసి, మొహమాటంగా అడిగారు. "ఇంత చేశారు కదా పాపం ఆసుపత్రులవాళ్ళు. తాళంచెవుల లిస్టులో, అందరికీ ధన్యవాదాలు అని చిన్న మెయిల్ ఒకటి పెడదామా? రెండే లైన్లు."

పిన్నీ, నిద్రమొహం ఒక్కసారే కీబోర్డు మీద చెయ్యి వేశారు.

ఇక మీ వంతు. మీకు నిజంగా కావలసిన కబురు ఎప్పుడైనా ఆలస్యంగా చేరిందా? ఎవరు పంపారు, ఏ రాస్తాలో వచ్చింది, మొదటి లైన్లో ఏముంది? నాకు రాసి పంపండి. సబ్జెక్టులో 'అత్యవసరం' అని మాత్రం పెట్టకండి.